నలభైకి రెండు తక్కువ

పాలకేంద్రంలో ఆయన్ని ముఖాన "సార్" అంటారు, వెనకాల "ఇరవయ్యారు" అంటారు. రెండూ ఆయనకు తెలుసు. రెండో పేరంటేనే మక్కువ ఎక్కువ. పెట్టినవాళ్ళు తిట్టుగా పెట్టారు, ఆయన బిరుదుగా పుచ్చుకున్నాడు. పాలలో చిక్కదనం చూసే మీటరు వేస్తే అది ఇరవై ఆరు దగ్గర తేలాలి. అంతకు అర గీత కిందికి దిగినా ఆ డబ్బా వచ్చిన దారినే వెళ్ళిపోవాలి. తమ్ముడి డబ్బా అయినా అంతే, కేంద్రం అధ్యక్షుడి డబ్బా అయినా అంతే. నిజంగానే ఒకసారి అధ్యక్షుడి డబ్బాను తిప్పి పంపాడు. ఆ కథ అడిగినవాళ్ళకీ చెబుతాడు, అడగనివాళ్ళకీ చెబుతాడు.

ఆ ఉదయం వరుసలో ఒంటావమ్మ కూడా ఉంది. ఉన్నది ఒక్క ఆవు కాబట్టి ఆమెను అందరూ అలాగే పిలుస్తారు. చిన్న డబ్బాను రెండు చేతులతో తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆయన మూత తీశాడు. పొడుగాటి గరిటెను అడుగుదాకా దించి, పైకి తెచ్చి, మళ్ళీ దించి, పాలను కిందామీదా కలిపాడు. కలపకుండా పైపాలు ముంచేవాడు పనివాడే కాదని ఆయన అంటాడు. గాజు గొట్టాన్ని అంచుదాకా నింపి, నురగను చూపుడువేలితో పక్కకు తోసి, మీటరును మెల్లగా వదిలి రెండు వేళ్ళతో ఒక్క తిప్పు తిప్పాడు. అది నిలబడేదాకా ఆగి, నడుం వంచి, కన్ను గీత ఎత్తుకు తెచ్చి చూశాడు.

"ఇరవై ఐదున్నర."

"అన్నయ్యా, ఇంకొక్కసారి వేసి చూడవూ?"

"ఇంకోసారి వేస్తే పాలు మారతాయా?"

"నీళ్ళు కలపలేదన్నయ్యా, నా పిల్లల మీద ఒట్టు. దానికి మేత లేదు. దాణా మొహం చూసి ఎన్నాళ్ళయిందో. ఎముకలు లెక్కపెట్టొచ్చు. దాని ఒంట్లోనే లేకపోతే పాలల్లోకి ఎక్కడ్నుంచొస్తుంది చెప్పు?"

ఆమె అన్నది నిజమని ఆయనకు తెలుసు. నీళ్ళు కలిపిన పాలకూ బక్క ఆవు పాలకూ తేడా ఒక్క చుక్క నాలుక మీద వేసుకుంటే ఆయనకు తెలిసిపోతుంది. తెలిసి మాత్రం ఏం లాభం? మీటరు దిగిందని చెబుతుందేగానీ ఎందుకు దిగిందో చెప్పదు. ఆ 'ఎందుకు'లోకి తల దూరిస్తే ఇక రోజూ ఊరి కష్టాలన్నీ వింటూ కూర్చోవాలి. పాలు ఎవడు చూస్తాడు?

"ఆవు కథలు నాకెందుకమ్మా? నీళ్ళు నువ్వు పోశావా, మీ ఆవు పోసిందా అని మీటరు అడగదు."

వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

"అర గీతేగా అన్నయ్యా."

"ఇవాళ అర గీత అంటావు, రేపు గీత అంటావు. తీసెయ్, వెనక జనం ఉన్నారు. తర్వాత!"

ఆ 'తర్వాత' ఆమెతో కాదు, వెనకున్నవాడితో. ఆమె మూత బిగించుకుని పక్కకు జరిగింది. ఒక్కోరోజు ఆమె పాలు ఇరవై ఆరు తగులుతాయి. ఆ ఆశతోనే రోజూ వచ్చి నిలబడుతుంది. ఆయన మీటరును నీళ్ళతొట్టిలో ముంచి తుడిచాడు. అంతలో దగ్గు తెర ఒకటి పొంగుకొచ్చింది. బల్ల అంచు పట్టుకుని, మొహం భుజంలో దాచుకుని, దగ్గీ దగ్గీ రుమాలుతో నోరు తుడుచుకున్నాడు. రుమాలు చూడకుండానే మడిచి జేబులో పెట్టాడు. అందులో ఏముందో చూడక్కర్లేదు. ఊపిరితిత్తిలో గడ్డ అని తేలింది, ఆ గడ్డ పేరు కూడా తేలింది. కోసి తీసేయగలరా లేదా అన్నదే తేలాలి. అది కాసేపట్లో ఆసుపత్రిలో తేలుతుంది.

*

సర్జన్ గది మూడో అంతస్తులో. లిఫ్టు ముందు జనం కిక్కిరిసి ఉన్నారు. ఆయనకు ఒకరి వెనక నిలబడటం చేతకాదు, తన ముందు జనం నిలబడటమే అలవాటు. మెట్లెక్కాడు. ఆగకుండా ఎక్కాడు. భార్య ఆయాసపడుతూ, "ఏమండీ, కాస్త మెల్లగా" అంటూ వెనకాల పడింది. ఆమె వెనక తెల్లకోటు వేసుకున్న ఒకావిడ కూడా ఎక్కుతోంది. ఆవిడే సర్జన్ అని గదిలోకి వెళ్ళాక చూసి గుర్తుపట్టాడు.

భార్యను లోపలికి రానివ్వలేదు. "నువ్వొచ్చి ఏం చేస్తావు? బయట కూర్చో" అన్నాడు. ఆమె కూర్చుంది.

"ముప్పై ఎనిమిది," అంది సర్జన్. "మిమ్మల్ని ఇక్కడికి పంపిన డాక్టరు తీయించినప్పుడూ అంతే."

"రెండు వారాల్నుంచి తిండి మీదే ఉన్నాను మేడం."

"తిండి ఒక్కటే కాదండీ." ఆమె కాగితం పక్కన పెట్టి ఆయన వైపు తిరిగింది. "మీ రక్తంలో అల్బుమిన్ అని ఒక ప్రోటీను ఉంటుంది. లింఫోసైట్లని ఒక రకం తెల్లకణాలు ఉంటాయి. రెంటినీ కలిపి ఒక అంకె కడతాం. ఒంట్లో ఎంత నిలవ ఉంది, జబ్బుతో ఎంత పోట్లాడగలదు అన్నది దాన్ని బట్టి ఊహిస్తాం. ఊపిరితిత్తిలో భాగం కోసి తీశాక గాయం మానాలి, గాలి లీకవకూడదు, నెమ్ము చేరకూడదు. ఈ అంకె తక్కువున్నవాళ్ళలో చాలామందికి ఆపరేషన్ బాగానే అవుతుంది, తర్వాత మనిషి నిలవడం కష్టమవుతుంది. అందుకని ఇక్కడ నలభై పెట్టుకున్నాం. లోపల జబ్బు రగులుతుంటే ఎంత తిన్నా ఆ ప్రోటీను ఎక్కదు ఒక్కోసారి. వంట చేసేది మీ ఆవిడేనా?"

"అవును."

"తన వంటలో లోపం లేదని ఆమెకి చెప్పండి. లేకపోతే తన తప్పే అనుకుని కుమిలిపోతారు. నేను చాలామందిని చూశాను."

ఆయన తల ఊపాడు. ఆ తల ఊపడం అక్కడితో సరి.

ఆమె స్కాను ఫిల్మును వెలుతురుకు పెట్టి చూపించింది. తెల్లటి ముద్ద, దాని పక్కన లావుపాటి నాళం, మధ్యలో దారమంత నల్లటి సందు. "ఇది పెద్ద రక్తనాళం. గడ్డ దీన్ని ఇంకా అంటుకోలేదు. ఈ సందు ఉన్నంతవరకే కోత. మంగళవారం మళ్ళీ రక్తం ఇవ్వండి, ఆరోజు తేల్చేద్దాం." పెన్ను మూసి, మూసిన పెన్నును పట్టుకుని అలాగే కూర్చుంది. "మీరేమైనా అడగాలా?"

"ఏం లేదు మేడం."

"ఏదైనా సరే, అడగొచ్చు."

"నలభై అంటే నలభయ్యే కదా."

"మామూలుగా అయితే అంతే," అంది.

ఆ 'మామూలుగా అయితే' ఆయన చెవికెక్కలేదు. 'అంతే' ఎక్కింది. దండం పెట్టి లేచాడు.

బస్సులో భార్యకు అంకె చెప్పి, నలభై సంగతి చెప్పి, సర్జన్‌ను మెచ్చుకున్నాడు. "మనిషంటే అలా ఉండాలి. నాన్చుడు లేదు. ఉన్నది చెప్పింది, అయిపోయింది." తన ప్రాణం తీసుకుపోయే గీతను గీసిన మనిషి మీద ఆయనకు అంత గౌరవం. ఏం మనిషో!

"రెండేగా తక్కువ," అంది భార్య. "ఒక్కమాట అడగాల్సిందండీ. మూడంతస్తులు గబగబా ఎక్కేశాను, రోజూ పనికి పోతున్నాను అని చెప్పుకోవాల్సింది. కాళ్ళు పట్టుకుంటే పోయేదేముంది?"

"కాళ్ళు పట్టుకుంటే అంకె పెరుగుతుందా? నా దగ్గరికి రోజూ ఎంతమంది వస్తారు, ఎంతమంది ఏడుస్తారు. ఎవరికైనా ఇచ్చానా?"

ఇవ్వలేదని ఆమెకు తెలుసు.

*

ఆ ఇంట్లో పొయ్యి ఆరడం మానేసింది. ఆమె గుడ్లు ఉడకబెట్టి, వేలు కాలుతున్నా పెంకు వొలిచి, నాలుగేసి ముక్కలు చేసి పళ్ళెంలో పెడుతుంది. మాంసం ఉడికించి, ఆ రసాన్ని గుడ్డలో వడకట్టి, ఆ గుడ్డను కూడా గట్టిగా పిండి గిన్నెలోకి దించుతుంది. ఆయన తింటుంటే ఎదురుగా కూర్చుని గొంతు వైపే చూస్తుంది. ఒక్కో ముద్దా దిగేదాకా ఆమె గొంతులో ముద్ద దిగదు. ఆయనకు ఆ వాసనే గిట్టదు. అయినా అంకె కోసం మింగుతాడు.

శుక్రవారం బావమరిది వచ్చాడు. లారీ డ్రైవరు. రెండు అట్టల గుడ్లు బల్ల మీద పెట్టి, పళ్ళెం వైపు చూసి, "బావా, నిన్నిలా మేపుతుంటే నాకూ ఏదో ఒక జబ్బు తెచ్చుకోవాలనుందయ్యా" అన్నాడు.

"నీ నోట్లో మన్నుపడా! శుభమా అని రాగానే ఆ మాటలేంట్రా?" అని అక్క కసిరింది. కానీ అన్నిరోజుల తర్వాత ఆమె మొహంలో కాస్త నవ్వు కనబడింది.

"అది కాదు బావా. ఆ ఆసుపత్రిలో కాంపౌండరొకడు నాకు బాగా తెలుసు. డాక్టరమ్మ చెవిన ఒక మాట వేయించనా?"

"ఏమని? మా బావకి రెండు మార్కులు కలపమనా?"

"కలిపితే తప్పేంటి? ప్రాణం కదా."

"అందరూ ప్రాణమనే వస్తారు. నేను కలిపానా?"

"నువ్వు కలపవని లోకంలో ఎవరూ కలపరా ఏంటి?"

ఆయన పళ్ళెం విసురుగా ముందుకు తోశాడు. గుడ్డు ముక్క ఒకటి కింద పడింది. కోపం బావమరిది మీద, తిట్టు మాత్రం భార్యకు. "నువ్వు పెట్టేది తింటే ఎక్కుతుందా అంకె? గొడ్డుకి గడ్డి వేసినట్టు వేస్తున్నావు. ఒక రుచా, ఒక పచా! రెండు వారాలు తిన్నాను, ఒక్క గీత కదిలిందా?"

ఆమె కింద పడిన ముక్క తీసి, కొంగుతో నేల తుడిచి, వంటింట్లోకి వెళ్ళిపోయింది. బావమరిది కాసేపు గుమ్మంలో నిలబడి, "నీతో మాట్లాడేకంటే నా లారీతో మాట్లాడటం నయం" అని గొణుక్కుంటూ పోయాడు.

మర్నాడు కేంద్రంలో ఒక డబ్బా వింతగా తేలింది. మీటరు ముప్పై ఆరు దగ్గర నిలబడింది. ఆయన గరిటెతో పాలు ఎత్తి చూశాడు, వాసన చూశాడు, నవ్వాడు. "పొయ్యి మీద ఎంతసేపు ఉంచావు?"

పాలవాడు తల గోక్కున్నాడు. "రాత్రి పాలు సార్. పాడైపోతాయని సన్నసెగ మీద పెట్టాను, కాస్త ఇగిరినట్టున్నాయి."

"తక్కువొస్తే ఒక దొంగతనం, ఎక్కువొస్తే ఇంకో దొంగతనం. పట్టుకెళ్ళు."

వాడు డబ్బా దించుకుని పోయాడు. ఆయన చెయ్యి మాత్రం తర్వాతి మూత మీద ఆగిపోయింది. నీళ్ళు కలిస్తే దిగుతుంది. నీళ్ళు పోతే ఎక్కుతుంది. పాలు అవే. అందులో ఉన్నది అంతే ఉంటుంది, గీత మాత్రం లేస్తుంది. రక్తం మాత్రం ఏమిటి? అదీ నీళ్ళలో కలిసిన సరుకేగా. ఇన్నాళ్ళూ ఎదుటివాళ్ళ డబ్బాల్లో వెతికిన దొంగతనం తన ఒంట్లో చేసుకోవచ్చని ఆయనకు ఆ క్షణంలో తట్టింది. సిగ్గు అనిపించలేదు. ప్రాణం లేచొచ్చినట్టయింది.

ఆ మధ్యాహ్నం నుంచి నీళ్ళు మానేశాడు.

భార్య మంచం పక్కన కూజా నింపి పెట్టేది. ఆమె వంటింట్లో ఉన్నప్పుడు ఆయన కొంచెం కొంచెంగా కిటికీలోంచి పారబోసేవాడు. కూజా ఖాళీ అవుతుంటే ఆమె సంతోషించి మళ్ళీ నింపేది. మాంసం రసం నోట్లో పోసుకుని, ఆమె అటు తిరగ్గానే రుమాల్లోకి ఉమ్మేసేవాడు. గుడ్డు ముక్కలు గొంతులో అడ్డంపడి దిగేవి కావు, పొడి నాలుకతో వాటిని వెనక్కి తోసుకునేవాడు. వెన్ను నొప్పికి వాడే బిళ్ళలను కూడా నీళ్ళు లేకుండానే నమిలి మింగాడు. చేదు నోట్లో గంటలకొద్దీ నిలిచిపోయేది. రెండో రోజుకు పెదాలు పగిలాయి. లేస్తే కళ్ళు తిరిగేవి. ఒంటికి వెళ్ళినప్పుడు ముదురు రంగులో నాలుగు చుక్కలు వచ్చేవి. ఆ రంగు చూసి, పనవుతోంది అనుకున్నాడు.

"పెదాలు అలా పేలిపోతున్నాయేమిటండీ?" అని ఆమె వెన్న తెచ్చి రాయబోతే చెయ్యి తోసేశాడు.

సోమవారం కేంద్రంలో డబ్బాలు కడిగే పంపు కట్టేయడం మర్చిపోయారు. ఆ నీటి చప్పుడు ఆయన తలలోనే కారుతున్నట్టుంది. ఎదురుగా డబ్బాలకొద్దీ పాలు. నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. ఒంటావమ్మ వంతు వచ్చింది. మీటరు తిప్పాడు. ఒక గీత రెండుగా కనిపిస్తుంటే కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు.

"ఇరవై ఐదున్నర."

"అన్నయ్యా, నీకు దణ్ణం పెడతాను. మా ఇల్లు ఈ వెనక సందులోనే. ఒక్కసారి వచ్చి ఆవుని కళ్ళారా చూడు. చూశాక నువ్వేమన్నా సరే, నోరెత్తను."

"ఆవుని చూస్తే మీటరు లేస్తుందా?"

"నేను మనిషిని, అడుగుతున్నాను కదన్నయ్యా."

"అడిగితే లేస్తుందా?" అని ఆయన అరిచాడు. ఆ ఎండిన గొంతుకు అది అరుపులా రాలేదు, చెక్క గీరినట్టు వచ్చింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆమె ఆయన మొహంలోకి నిదానంగా చూసింది. తర్వాత మూత పెట్టుకుని, "సరే సార్" అంది.

అన్నయ్య సార్ అయిపోయాడు. ఆయన పట్టించుకోలేదు. రేపే మంగళవారం.

*

నర్సుకు నరం దొరకలేదు. ఈ చేతికీ ఆ చేతికీ పొడిచి, తడిమి, చివరికి మణికట్టు దగ్గర దొరికించుకుంది. సిరంజిలోకి రక్తం నెమ్మదిగా, నల్లగా ఎక్కింది. ఆయన దాన్నే చూస్తున్నాడు. చిక్కగా ఉంది. మంచి సరుకును చూసినప్పుడు కేంద్రంలో కలిగే తృప్తే అప్పుడూ కలిగింది.

"ఈసారి వస్తుందంటావా?" అన్నాడు భార్యతో, నడవాలో కూర్చుని. ఆమెతో ఆయన అలా మెత్తగా మాట్లాడి చాలాకాలమైంది.

"రాకేం చేస్తుందండీ, అన్నన్ని గుడ్లు తిన్నారు," అంది ఆమె. ఆయన చెయ్యి పట్టుకోబోయి, చుట్టూ జనం ఉన్నారని మానేసింది.

పిలుపు వచ్చింది. ఆమె లేచింది. ఆయన చేత్తోనే కూర్చోమన్నాడు.

సర్జన్ కాగితం చేతిలో పట్టుకుని ఉంది. "నలభై ఒకటి," అంది.

ఆయన నవ్వాడు. పెదవి చిట్లి సన్నగా రక్తం వచ్చింది. ఆమె నవ్వలేదు. కాగితంలో ఇంకా కిందికి చదువుతోంది. లేచి వచ్చి, ఆయన ముంజేతి మీద చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి వదిలింది. చర్మం వెంటనే సర్దుకోలేదు, మడత అలాగే నిలబడింది.

"నాలుక చూపించండి."

చూపించాడు.

"నీళ్ళు తాగి ఎన్నాళ్ళయింది?"

పట్టుబడ్డవాళ్ళు ఎలా నిలబడతారో ఆయన బల్ల ఇవతల నుంచి చాలాసార్లు చూశాడు. ఇప్పుడు అలాగే కూర్చున్నాడు.

"హిమోగ్లోబిన్ ఊరికే పెరగదండీ. కిడ్నీల సంగతి చెప్పే యూరియా, క్రియాటినిన్ చూడండి, రెండింతలు దాటాయి. ఎవరు చెప్పారు మీకీ తెలివి?"

"ఎవరూ చెప్పలేదు మేడం. నేను పాలకేంద్రంలో మీటరు చూస్తాను. నీళ్ళు తీసేస్తే గీత లేస్తుంది."

ఆమె కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. తిడుతుందని ఆయన అనుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

"శనివారం మా మీటింగులో మీ కేసు పెట్టాను," అంది. "నలభై అని పెట్టుకున్నది మేమే. అది దేవుడు గీసిన గీత కాదు. ముప్పై ఎనిమిది మీ గురించి ఒక మాట చెబుతుంది, మిగతా మాటలు కూడా వినాలి కదా. ఆరోజు మెట్ల మీద మీ వెనకే ఉన్నాను. మూడంతస్తులు ఆగకుండా ఎక్కారు. మీ ఊపిరి పరీక్ష బాగుంది, గుండె బాగుంది, కిడ్నీలు బాగున్నాయి. కాస్త రిస్కే, అయినా చేద్దామని అందరం ఒప్పుకున్నాం. ఎల్లుండి పొద్దున్న మొదటి ఆపరేషన్ మీది. ఇవాళ రక్తం తీయమన్నది ఆ అంకె కోసం కాదు, మత్తు ఇచ్చేముందు కిడ్నీలూ అవీ సరిచూసుకోవడానికి."

పక్క గదిలో ఎవరో కుర్చీ జరిపారు. ఆ చప్పుడు ఆయనకు స్పష్టంగా వినబడింది.

"మరి ఎల్లుండి..."

"ఈ కిడ్నీలతో మత్తు ఇవ్వలేను. ఇవాళే చేర్చుకుని సెలైన్ ఎక్కించాలి. నొప్పి బిళ్ళలు ఆపేయాలి. కిడ్నీలు తేరుకోవడానికి కొన్ని వారాలు పట్టొచ్చు. తర్వాత మళ్ళీ స్కాను. ఆ సందు అప్పటికీ ఉంటే చేస్తాను. లేకపోతే అది కత్తి పని కాదు, వేరే వైద్యం చూసుకోవాలి."

"సందు ఉంటుందా మేడం?"

ఆ గదిలో ఆయన నోరు తెరిచి అడుక్కున్న మొదటి మాట అది. ఆమె కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది.

"ఏమైనా అడగాలా అని ఆరోజు రెండుసార్లు అడిగాను," అంది. "ఒక్కమాట అడిగి ఉంటే, మీటింగులో పెడతాను, కంగారు పడొద్దు అని అప్పుడే చెప్పేదాన్ని."

"అడిగితే ఇస్తారని తెలీదు మేడం," అన్నాడాయన.

*

సీసాలోంచి నీళ్ళు చుక్క చుక్కగా ఆయన ఒంట్లోకి దిగుతున్నాయి. భార్య మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది. ఆపరేషన్ కోసమే చేర్చుకున్నారనుకుని మొహం కడుక్కుని, జుట్టు సరిచేసుకుని వచ్చింది పిచ్చిది.

"ఎప్పుడన్నారండీ?"

"ఎప్పుడూ లేదు. అంకె రాలేదు."

"ఎంతొచ్చింది?"

"ముప్పై ఎనిమిదే."

ఆమె కాసేపు ఆ సీసా వైపే చూసింది. తర్వాత తన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది. గుడ్లు వొలిచి వొలిచి వేళ్ళ చివర్లు ఎర్రగా ఉన్నాయి. "నా చేతిలోనే ఏదో లోపం ఉందండీ," అంది. "మా అమ్మ చేసి పెట్టి ఉంటే ఒంటికి పట్టేది. నాకు చేతకాలేదు. మీరు చెబుతూనే ఉన్నారు, గడ్డిలా ఉందని. నేనే వినిపించుకోలేదు." అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుపు చప్పుడు పక్క మంచాలవాళ్ళకు వినబడుతుందని ఆమె భయం.

ఆయన చెప్పొచ్చు. వంటలో లోపం లేదని చెప్పమని డాక్టరమ్మ చెప్పిన మాట అప్పటికీ ఆయన దగ్గరే ఉంది. ఒక్క మాట చాలు. కానీ ఆ ఒక్క మాట చెబితే వెనకాల అన్నీ చెప్పాలి. కూజా సంగతి చెప్పాలి, కిటికీ సంగతి చెప్పాలి, శనివారం మీటింగు సంగతి చెప్పాలి, అడగమని నువ్వు చెప్పిందే నిజమైంది అని చెప్పాలి. అంత ఆయన వల్ల కాలేదు.

"మంచినీళ్ళు ఇయ్యి," అన్నాడు.

ఆమె గబగబా కళ్ళు తుడుచుకుని గ్లాసు నింపింది. తల కింద చెయ్యి పెట్టి ఎత్తి తాగించింది. ఆయన గటగటా తాగాడు. "ఇంకో గ్లాసు," అన్నాడు. అదీ ఇచ్చింది. గడ్డం మీదికి కారిన నీళ్ళను తన కొంగుతోనే తుడిచింది.

నాలుగైదు రోజులకు, స్కానుకు తర్వాత రమ్మని ఇంటికి పంపాక, మూడు పూటలు మంచం మీద ఉన్నాడు. ఆమె రుచి చూసి చూసి వండింది, ప్రతి గిన్నె దగ్గరా "ఇది బాగుందా, ఇది పర్వాలేదా" అని భయం భయంగా అడిగింది. ఆయన పర్వాలేదన్నాడు. నాలుగో పూటకు ఆ ప్రశ్న భరించలేక పనికి వెళ్ళిపోయాడు.

కేంద్రంలో వరుస ఎప్పటిలాగే ఉంది. "సార్ వచ్చారు, సార్ వచ్చారు" అన్నారు. ఆయన కుర్చీ జరుపుకుని, గరిటె అందుకున్నాడు. ముగ్గురో నలుగురో అయ్యాక చిన్న డబ్బా ఒకటి బల్ల మీదికి వచ్చింది. ఒంటావమ్మ నమస్కారం పెట్టలేదు, అన్నయ్యా అనలేదు. గోడ వైపు చూస్తూ నిలబడింది.

ఆయన పాలు కలిపాడు. గొట్టం నింపాడు. నురగ తోశాడు. మీటరు తిరిగి తిరిగి నిలబడింది. వంగి చూశాడు. చూసి, లేవకుండా అలాగే ఉన్నాడు. వెనకవాళ్ళు మెడలు సాచారు.

ఇప్పుడు అడుగుతుంది అనుకున్నాడు. అర గీతేగా అంటుంది. అననీ. ఈసారి అడగనీ. ఇచ్చేస్తాను. అధ్యక్షుడొచ్చి ఎందుకిచ్చావంటే, నేనిచ్చాను పొమ్మంటాను.

"ఇరవై ఐదున్నర," అన్నాడు.

ఆమె వెంటనే మూత పెట్టి డబ్బా ఎత్తుకుంది.

"ఏమ్మా," అన్నాడాయన. గొంతు ఆయనకే కొత్తగా ఉంది. "ఏం అడగవా?"

"ఏం అడగాలి సార్?"

"ఏదైనా... అడగొచ్చు కదా."

ఆమె ఆయన మొహంలోకి చూసింది. ఇంతమందిలో ఇంకోసారి తనతో ఆడుకోవాలనుకుంటున్నాడని ఆమెకు అర్థమైంది. అంతకంటే వేరే అర్థం చేసుకోవడానికి ఆయన ఏనాడూ కారణం ఇవ్వలేదు.

"అడిగితే లేస్తుందా సార్ మీటరు?" అంది.

ఎవరో పకపకా నవ్వారు. ఆమె డబ్బాను చంకకు ఆనించుకుని వెనక సందు వైపు నడిచింది. తొందరపడలేదు. సందు మలుపు దాకా కనిపిస్తూనే ఉంది. పేరు పెట్టి కేకేస్తే ఆగేది. 'ఇలా రా, పాలు పొయ్యి' అంటే నమ్మకపోయినా వచ్చేది. ఆయన నోరు తెరిచాడు. వరుస మొత్తం ఆయన్నే చూస్తోంది.

మీటరును నీళ్ళలో ముంచి, గుడ్డతో తుడిచి, బల్ల మీద పెట్టాడు.

"తర్వాత," అన్నాడు.